కాబోయే భార్య దారి, భార్య దారి

ఫిబ్రవరి 10

చిన్నదానా,

దీవెనలు. నీ ఉత్తరం వచ్చిన పొద్దుట ఇంట్లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను. తర్వాత నీ అన్నయ్య ఎలాగూ వేరేగా చెబుతాడు.

రోజూ తెల్లవారినట్టే తెల్లవారింది. ప్రార్థన ముగించుకుని ఇస్త్రీ కొట్టు తలుపులు తీశాను. బాయిలర్ వెలిగించాను. హోటలు వాళ్ళ దుప్పట్లకు నీళ్ళు చిలకరించి చుట్టిపెట్టాను. వెచ్చటి మడతల మీదెక్కి పిల్లి పడుకుంది. దింపాను. మళ్ళీ ఎక్కింది. పక్కగదిలో తన ఫోటో స్టూడియో అద్దం ముందు నీ అన్నయ్య ఒక చెంపకు నురగ పూసుకుని, రెండో చెంప గీసుకుంటూ పాడుతున్నాడు. నీ వదిన బస్సుల్లో టికెట్ల తనిఖీకి వెళ్ళే తొందరలో బెల్టు వెతుక్కుంటూ, "ఆ పాట ఆపితే బెల్టు దానంతటదే దొరుకుతుంది" అంటోంది. టీ పొంగి పొయ్యి మీద పడింది. పోస్టుమాన్ నీ ఉత్తరం ఇస్త్రీ బల్ల మీద పెట్టి, ఎప్పటిలాగే కాలరు ఒకసారి రుద్దించుకుని వెళ్ళాడు.

మొదటి పేజీలో నీ పెళ్ళి కబురు చదివాను. నా చేతిలో దిండు గలీబు కాలడం అదే మొదలు.

వాసనకు ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. "లిఫ్టులు బాగుచేసేవాడా? పరదేశా?" అని నీ అన్నయ్య ఆ నురగతోనే కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని, "వీసా సంగతి నాకొదిలెయ్యండి. ఈ ఊళ్ళోంచి బయటి దేశం వెళ్ళిన ప్రతి మొహమూ నా కెమెరా ముందు కూర్చున్నదే" అన్నాడు.

"కూర్చుంటే? పళ్ళ డాక్టరు ముందూ కూర్చుంటారు. ఆయన్నడిగి ప్రయాణం కడతారా?" అంది నీ వదిన.

నేను అడిగేది ఒక్కటే. అతనితో ఉన్నప్పుడు నువ్వు మాట్లాడతావా, వింటావా? రెండూ చేస్తే సరే. ఎలా వెళ్తావో, ఎప్పుడు వెళ్తావో రాయి. ఫోను చెయ్యకు. ఫోనులో అంతా నువ్వే మాట్లాడతావు. ఉత్తరమైతే నాకూ వంతు వస్తుంది.

ప్రార్థనలో ఇప్పుడు ఇద్దర్ని తలుచుకుంటున్నాను. అతని పేరు నాకు నోరు తిరగక "ఆ పొడుగాయన" అంటున్నాను. దేవుడు అర్థం చేసుకుంటాడు.

పెద్దక్క

ఫిబ్రవరి 18

పెద్దక్కా! పెద్దక్కా! పెద్దక్కా!

నీ ఉత్తరంలో "సరే" ఎక్కడుందో వెతికి పట్టుకుని, దాని చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి, మా గది తలుపుకు అంటించాను. నాతో ఉండే నర్సు "ఇదేమిటే, కాలిన మరక?" అంది. నీ వేలిముద్ర! మసి! దాన్నీ ముద్దు పెట్టుకున్నాను.

అసలు కథ విను. ఆసుపత్రి కింది అంతస్తులో కత్తెరలు, పటకార్లు ఆవిరిలో మరిగించే పని కదా నాది. ఒకరోజు ట్రేలన్నీ బండి మీద పెట్టుకుని పైకి వెళ్తుంటే లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. నేను అరవలేదు. సరే, అరిచాను. పైనుంచి ఒక గొంతు, "భయపడకండి, వస్తున్నాను" అంది. కప్పు తెరుచుకుంది. ముందు బూట్లు వచ్చాయి. తర్వాత కాళ్ళు. కాళ్ళు వస్తూనే ఉన్నాయి అక్కా! ఇక మనిషి వస్తాడా రాడా అని నాకే అనుమానం వచ్చింది. ఆ రోజు నుంచీ నేనతన్ని "నిచ్చెన" అంటాను. ఇక్కడికొచ్చి నేర్చుకున్న మన భాషలో అందర్నీ "మీరు" అంటాడు. లిఫ్టును కూడా! "దయచేసి కదలండి" అంటాడు. కదులుతుంది!

నువ్వడిగినదానికి జవాబు: నేను మాట్లాడతాను, అతను వింటాడు. లిఫ్టును విన్నట్టు, ఎక్కడ కిర్రుమంటోందో పట్టుకోవడానికి. నేను ఆగితే అతను రెండు ముక్కలు చెబుతాడు. నేను ఆగాలి, అంతే.

ఇక్కడి కంట్రాక్టు అయిపోయి వాళ్ళ దేశం వెళ్ళిపోయాడని తెలుసుగా. ఇప్పుడు మా ముందు రెండు దారులు. ఒకటి కాబోయే భార్య దారి. మేమిద్దరం నిజంగా కలుసుకున్నామని ఫోటోలతో చూపించాలి. అనుమతి వస్తే నేను వెళ్ళి, మూడు నెలల్లోపు అక్కడే పెళ్ళి చేసుకోవాలి. త్వరగా అయిపోతుంది. రెండోది భార్య దారి. పెళ్ళి ఇక్కడే, మీ అందరి ముందు. కానీ ఆ తర్వాత అతను వెళ్ళిపోతే, కాగితాలు వచ్చేదాకా ఏడాది, ఏడాదిన్నర నేనిక్కడ, అతనక్కడ. పెళ్ళై కూడా ఉత్తరాలే!

నువ్వే చెప్పు. నువ్వేదంటే అదే.

ఫిల్ము పంపుతున్నాను. అన్నయ్యను ప్రింట్లు వేయమను. మేమిద్దరం బాగా కలిసిపోయినట్టు, చూసిన అధికారికి ముచ్చటేసేలా చెయ్యమను.

ఆఁ, మరిచిపోయా! కొత్త ఆవిరి యంత్రం వచ్చిందక్కా. గుండ్రటి తలుపు, ఓడ కిటికీలా! లోపల ఒత్తిడి ఎక్కుతుంటే ముల్లు వణుకుతుంది, నా గుండె కూడా. దాన్ని నాకే అప్పగిస్తారేమో. ఇంకా తేలలేదు. దాని గురించి విడిగా మూడు పేజీలు రాశాను, వెనక జతచేశాను, తప్పకుండా చదువు.

నీ ఎగిరిగంతులేసే
చిన్నది

ఫిబ్రవరి 26

చిన్నదానా,

రెండు దారులూ చదివాను. యంత్రం గురించీ చదివాను. ప్రార్థించాను.

మొదటిదే మంచిది. త్వరగా అవుతుంది. మేము లేకపోయినా పెళ్ళి పెళ్ళే.

ప్రింట్లు నీ అన్నయ్య వేశాడు. నాకు చూపించకుండా కవరు అంటించేశాడు. "చూస్తే దిష్టి తగులుతుంది" అని వంక. రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు. వాడు ఈల వేస్తే నాకు భయం.

హోటలు వాళ్ళకు కాలిన గలీబు బదులు కొత్తది కుట్టించి ఇచ్చాను.

పెద్దక్క

మార్చి 7

పెద్దక్కా,

"మేము లేకపోయినా పెళ్ళి పెళ్ళే." ఈ వాక్యాన్ని కూడా తలుపుకు అంటిద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు.

నువ్వు పొదుపుగా రాస్తావని నాకు తెలుసు. కానీ మరీ ఇంత పొదుపా? నేను పరదేశి పక్కన పీటల మీద కూర్చుంటే కొట్టుకు వచ్చేవాళ్ళు ఏమనుకుంటారోనని నీకు మొహమాటమేమో అనిపించింది. ఉంటే ఉండనీ. నీ మాట నేనెప్పుడు కాదన్నాను? నువ్వన్నావు కాబట్టి కాబోయే భార్య దారినే పట్టాం. నువ్వన్నావు కాబట్టి ఏడవడం లేదు.

అన్నయ్య పంపిన కవరు వచ్చేసరికి చేతిలో వేడి ట్రే ఉంది. విప్పే తీరిక లేక, అలాగే ఇంకో కవర్లో పెట్టి నిచ్చెనకు పంపించేశాను. అతనూ మహా మర్యాదస్తుడు. అంటించిన కవరు అధికారి విప్పాలి గానీ తను విప్పకూడదని అలాగే ఇచ్చేశాడట. ఇక అనుమతి రావడమే తరువాయి!

ఇంకో కబురు. యంత్రం నాకే ఇచ్చారు!! ఇప్పుడు నేను దానికి పెద్దని. నా కింద ఇద్దరు. పొద్దున్నే నేను తాళం తిప్పితే గానీ ఆసుపత్రిలో ఒక్క కత్తెర కదలదు. పెద్ద డాక్టరు కూడా కిటికీ దగ్గర నిలబడి, "అమ్మా, అయ్యాయా?" అని అడగాల్సిందే. నేను ముల్లు చూసి, "ఇంకా లేదు" అంటాను. ఎంత బాగుంటుందో ఆ "ఇంకా లేదు" అనడం!

సరేలే. ఎలాగూ వదిలేసి వెళ్ళేదేగా.

చిన్నది

మార్చి 16

చిన్నదానా,

నీ ఉత్తరంలో "నువ్వన్నావు కాబట్టి" అని రెండుసార్లు ఉంది. చూశాను.

మేమూ ఊరుకోలేదు. ముగ్గురం కలిసి అతని దేశపు కార్యాలయానికి వెళ్ళాం, పెళ్ళికి రావడానికి అనుమతి అడగడానికి. పెళ్ళి తేదీ చెబితేనే అనుమతి అన్నారు. నీ అనుమతి వస్తే గానీ తేదీ తెలియదు. తేదీ తెలిశాక అడిగితే మా కాగితాలు తేలేసరికి మీ గడువు దాటిపోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

నీ అన్నయ్య ఊరుకోక, అధికారి మెడలో వేలాడుతున్న కార్డు చూసి, "ఇది ఎవరు తీశారండీ? మీరు దీనికన్నా చాలా బాగుంటారు. మా స్టూడియోకి రండి" అన్నాడు. అధికారి సిగ్గుపడ్డాడు. జుట్టు సవరించుకున్నాడు. అనుమతి మాత్రం ఇవ్వలేదు.

నీ వదిన బయటికొచ్చాక, "మా బస్సులో అయితే టికెట్ లేకపోతే దించేస్తాం. వీళ్ళు ఎక్కకముందే దించేశారు" అంది.

కాబట్టి మేము రాలేము. బెంగపడకు.

యంత్రం నీకిచ్చినందుకు సంతోషం. ఆ రోజు ప్రార్థన కాస్త పెద్దది చేశాను.

పెద్దక్క

ఏప్రిల్ 1

పెద్దక్కా,

అన్నయ్యను ఎక్కడైనా దాచెయ్యి. బాయిలర్ వెనకాల దాచు. నేను వస్తే మాత్రం వాడు దక్కడు!

నేను పంపిన ఫిల్ములో ఒక ఫోటో ఉంది. ఆసుపత్రి మెట్ల మీద నేనూ నిచ్చెనా, ఇద్దరమే నిలబడి దిగింది. అన్నయ్య ఏం చేశాడో తెలుసా? మొత్తం కుటుంబాన్ని అందులో అతికించాడు! ఎడమవైపు వదిన, యూనిఫాంలో. కుడివైపు తను. భుజం అందదని తెలుసు కాబట్టి నిచ్చెన నడుం చుట్టూ చెయ్యి! ముందు నువ్వు, స్టూడియో కుర్చీలో కూర్చుని! ఆసుపత్రి మెట్ల మీద, నాలుగు కాళ్ళూ నాలుగు మెట్లకు ఆనకుండా గాల్లో తేలుతూ! నీ ఒళ్ళో పిల్లి!!

అక్కడి అధికారి నిచ్చెనను పిలిచి కూర్చోబెట్టాడట. "ఈమె కుటుంబాన్ని ఎప్పుడూ కలవలేదని రాశారు. మరి వీళ్ళెవరు? ఈవిడ కుర్చీ ఎలా నిలబడింది? మీ నీడ ఇటు పడితే ఈయన నీడ అటు పడిందేం?" నిచ్చెన అబద్ధం చెప్పడుగా! "వాళ్ళని నేను కలవలేదండీ. నేనూ ఈ ఫోటో ఇప్పుడే చూస్తున్నాను. మా కాబోయే బావగారు ప్రేమతో అతికించి ఉంటారు" అన్నాడట. "అయితే మిమ్మల్నిద్దర్నీ కూడా ప్రేమతోనే అతికించి ఉండొచ్చుగా?" అన్నాడట అధికారి. ఫైలు వెనక్కి ఇచ్చేశారు, ఆ ఫోటో నిచ్చెన నాకు పంపాడు. మళ్ళీ మొదటి నుంచి అడుక్కోవాలి. ఈసారి మమ్మల్ని ఎవరు నమ్ముతారు?

ఈ కబురు విన్నాక గంటసేపు ఏడ్చాను. తర్వాత ఫోటోలో పిల్లి మొహం గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. మా నర్సు నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది.

ఇప్పుడేం చేద్దాం? రెండో దారి పడదామా? పెళ్ళి చేసుకుని ఏడాదిన్నర విడిగా ఉండనా? నువ్వే చెప్పక్కా. ఇంకో సంగతి. పెళ్ళికి రావాలని కార్యాలయాల చుట్టూ తిరిగినదానివి, "రావాలని ఉంది" అని ముందే ఒక్క ముక్క అనొచ్చుగా! నేనేమో నీకు సిగ్గేమోనని ఇక్కడ దిండు తడిపాను.

నవ్వుతూ ఏడుస్తున్న
చిన్నది

ఏప్రిల్ 8

చిన్నదానా,

నీ అన్నయ్యను బోనెక్కించాం. నీ వదిన ప్రశ్నలు అడిగింది, నేను విన్నాను.

వాడి వాదన ఇది. మన ఇంట్లో ఫోటో నుంచి ఎవర్నీ వదిలే అలవాటు లేదు. నువ్వు చదువుకు వెళ్ళాక తీసిన ప్రతి ఫోటోలో నిన్ను అతికించింది వాడే. "పిల్ల పరదేశి పక్కన ఒంటరిగా నిలబడితే ఏం బాగుంటుంది? దాని వెనకాల మనుషులున్నారని అవతలివాళ్ళకు తెలియాలా వద్దా?" అన్నాడు. నీ వదిన వెంటనే, "తెలిసింది. గాల్లో కుర్చీ వేసుకుని మరీ ఉన్నారని తెలిసింది" అంది. ఆ తర్వాత ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తప్పు తప్పే. ఆ ఫోటోలో మేము లేమని, అతికించింది మా తమ్ముడని, మీ ఇద్దరి బొమ్మలు మాత్రం నిజమని ఆ కార్యాలయానికి రాసి, ముగ్గురం సంతకాలు పెట్టి, అసలు ఫిల్ము జతచేసి పంపాను.

నీ పెళ్ళికి నాకు రావాలనే ఉంది. నిన్ను చేతుల మీద పెంచాను, ఉండదా? కానీ పెళ్ళైన దానివి ఏడాదిన్నర గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడం నేను చూడలేను. అందుకే ఆ మాట మింగి మొదటి దారి అన్నాను. కొట్టుకు వచ్చేవాళ్ళు అనుకునేది వాళ్ళ బట్టల గురించి.

ఏ దారో ఇక నేను చెప్పను. నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని మళ్ళీ చదివాను. నువ్వేమంటున్నావో ఉంది, నేనేమన్నానో ఉంది, నీ అన్నయ్య ఏం చేశాడో ఉంది. పెళ్ళికొడుకు ఏమంటున్నాడో ఎక్కడా లేదు.

అతన్ని అడుగు.

పెద్దక్క

ఏప్రిల్ 24

పెద్దక్కా,

ఎందుకు అడగమన్నావక్కా!

అడిగాను. "మీకేం కావాలి?" అని. ఎప్పుడూ వారంలో వచ్చే జవాబు పది రోజులకు వచ్చింది. రెండే వాక్యాలు. "ఈ మాట నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చెప్పడానికి కొంచెం వ్యవధి ఇవ్వండి." అంతే! కింద సంతకం, ఎప్పటిలా నిచ్చెన బొమ్మ కూడా వెయ్యలేదు.

ఫోను చేశాను. వాళ్ళమ్మ ఎత్తింది. ఆవిడ మాట నాకు సగమే అర్థమవుతుంది. సంచి తీసుకుని వెళ్ళాడని మాత్రం అర్థమైంది. ఎక్కడికని అడిగితే నవ్వింది. ఎందుకు నవ్విందక్కా? కొడుకు తప్పించుకున్నాడనా?

నిన్న యంత్రం ముందు నిలబడి ముల్లు చూడటం మరిచిపోయాను. పెద్ద డాక్టరు, "అమ్మా, అయ్యాయా?" అంటే "అంతా అయిపోయింది" అన్నాను. పాపం, ఆయన భయపడి వెళ్ళిపోయాడు.

సెలవడిగాను, ఇవ్వలేదు. నువ్వు గట్టిగా ప్రార్థించు. నీ మాటైతే దేవుడు వింటాడు. నా మాటకు వంతు రాదు, నేను ఆగనుగా.

చిన్నది

ఏప్రిల్ 29

చిన్నదానా,

ఊపిరి తీసుకో. తీసుకున్నాక చదువు.

నీ ఉత్తరం, అతనూ ఒకే పొద్దుట వచ్చారు. ఉత్తరం ఇస్త్రీ బల్ల మీదికి వచ్చింది. అతను గుమ్మానికి తల కొట్టుకుని వచ్చాడు. గుమ్మానికి క్షమాపణ చెప్పాడు. తర్వాత నాకు నమస్కారం పెట్టాడు. అది చూసి పోల్చుకున్నాను.

నీ అన్నయ్య స్టూడియో తెర వెనక దాక్కున్నాడు. అతనే తెర దగ్గరికి వెళ్ళి, "బావగారూ, ఆ ఫోటోలో మీ అందరి మధ్య నిలబడి ఉన్నాను. చూడగానే చాలా సంతోషమేసింది. కానీ అది నిజం కాదుగా. అందుకని వచ్చాను" అన్నాడు. తెర వెనక ముక్కు చీదిన చప్పుడైంది.

పగలంతా నాతో దుప్పట్లు మడత పెట్టాడు. అటు కొస అతను, ఇటు కొస నేను. అతను పట్టుకున్న కొస నా తల మీదుగా ఉండేది. ఎక్కువ మాట్లాడుకోలేదు. నాకు నచ్చాడు.

సాయంత్రం నీ వదిన పని నుంచి వచ్చాక నలుగురం ఇస్త్రీ బల్ల చుట్టూ చేరాం. ఈ ఇంట్లో అతని మోకాళ్ళు పట్టేది ఆ బల్ల కిందే. నీ అన్నయ్య గొంతు సవరించుకుని, "రెండు దారులున్నాయి" అని మొదలుపెట్టాడు. మొదటి దాని గురించి అరగంట చెప్పాడు. రెండో దానికి వస్తుంటే నేను ఆపాను. "నువ్వేమంటావు నాయనా?" అని అతన్ని అడిగాను.

బల్ల మీది దుప్పటి మడత సరిచేశాడు. "నేనే ఇక్కడికి వచ్చి ఉంటే కుదరదా?" అన్నాడు.

ముందు తేరుకున్నది నీ అన్నయ్య. "ఇల్లరికమా!" అన్నాడు.

"మీరు మాత్రం? నన్ను కట్టుకున్న నాటి నుంచీ నా బస్సు పాసు మీద తిరగడం లేదూ?" అంది నీ వదిన.

ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరంతా రెండు దారులే అన్నారు. మీ ఇంట్లో పెద్దక్కగారి మాటే మాటని తను చెప్పింది. మూడోది ఉందంటే పెద్దల మాటకు అడ్డం వచ్చినట్టవుతుందనుకున్నాను" అన్నాడు. చూశావా? ఇందరం ఇంత మాట్లాడి, పెళ్ళికొడుకును కాగితాల కట్టలా అటూ ఇటూ తోశాం.

ఇక్కడికే ఎందుకని కూడా అడిగాను. "లిఫ్టులు అన్నిచోట్లా ఉన్నాయి. ఇక్కడివి కాస్త ఎక్కువే ఆగుతాయి. ఆ యంత్రం మాత్రం ఆమెకు ఇక్కడే ఉంది. ఎలాగూ వదిలేసి వెళ్ళేదేనని నాకూ రాసింది. ఆ వాక్యం చివర ఒక్క ఆశ్చర్యార్థకం కూడా లేదు" అన్నాడు. అది నేనూ గమనించాను. వాళ్ళమ్మను అడిగావా అన్నాను. సంచి సర్దింది ఆవిడేనట. మీరిద్దరూ ఏడాదికొకసారి తన దగ్గరికి వచ్చి కొన్నాళ్ళుండాలని షరతు పెట్టిందట. న్యాయమే.

నీ వదిన అప్పటికే సాయంత్రం పని దిగుతూ మన దేశపు వీసా కార్యాలయంలో ఉన్న దారులన్నీ అడిగి వచ్చింది, నీ అన్నయ్య మాట మీద నమ్మకం లేక. పరదేశి ఇక్కడి అమ్మాయిని చేసుకుంటే భర్తగా ఉండిపోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చట. తేలేదాకా నీతో కలిసి ఉండొచ్చు గానీ జీతానికి పని చెయ్యకూడదట. కొన్ని నెలలు పట్టొచ్చు, సాగనూ వచ్చు. అప్పటిదాకా నీ ఒక్కదాని జీతమే. అతను, "వంట చేస్తాను. రాదు, నేర్చుకుంటాను" అన్నాడు. నీకూ రాదని మేము చెప్పలేదు.

ఈ సాయంత్రం ఇంట్లో నిర్ణయించింది రాస్తున్నాను. నువ్వు ఒప్పుకుంటే పెళ్ళి ఇక్కడే, అందరి ముందు. తర్వాత అతను నీ ఊళ్ళో, నీ దగ్గరే. నువ్వు తాళం తిప్పే పని మానవు. ఎదురుచూడటం ఉంటే ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని చూస్తారు. నువ్వు వద్దని, అతని దేశమే వెళ్తానంటే అలాగే. అప్పుడు ఈ ఇంట్లో ఎవరూ నోరు మెదపరు. నీ అన్నయ్య చేత కూడా ఒట్టు పెట్టించాం.

నీకు ఫోను చేద్దామని నీ అన్నయ్య రెండుసార్లు లేచాడు. కూర్చోబెట్టాను. మొదట అతన్ని అడగకుండా తేల్చేశాం, ఇప్పుడు నిన్ను అడగకుండా తేల్చేస్తే అదీ ఇదీ ఒకటే. పైగా అది మేము అడగవలసిన మాట కాదు.

అందుకని ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. తెచ్చిన మనిషి నీ ఎదురుగానే నిలబడి ఉంటాడు. బస్సంతా మోకాళ్ళు ముడుచుకుని వచ్చి ఉంటాడు, ముందు కూర్చోమను.

కూర్చున్నాక అతనొక మాట అడుగుతాడు. నువ్వు కాసేపు మాట్లాడకుండా ఉంటేనే అడగగలడు.

పెద్దక్క